తీసేసిన గడియలు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కంప్రెసర్ దగ్గర ఉన్నాను. ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ నడుస్తుంటే పక్కన మనిషి అరిచినా వినపడదు. జేబులో ఫోన్ వణికితే తీసి చూశాను. మాస్టారి నంబరు. ఆ వేళప్పుడు ఆయన చెయ్యరు. షెడ్డు బయటికి వచ్చి, ఐసు దిమ్మలు లారీకెక్కించే చోటు దాటి రోడ్డు దాకా నడిచి ఎత్తాను. అమ్మగారు మాట్లాడారు. "మీ మాస్టారు పోయారు బాబూ. పొద్దున్న టీ తాగి కుర్చీలో కూర్చున్నారు, అంతే. మీ వాళ్ళకెవరికన్నా చెప్పాల్సుంటే నువ్వే చెప్పు, నాకు ఎవరి నంబర్లూ తెలీవు" అన్నారు. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. లోపలికి వెళ్ళి ప్రెషర్ గేజి చూసి, రాసుకోవాల్సింది రాసుకుని, ఓనరు గారి దగ్గరికి వెళ్ళి "మా మేనమామ పోయాడండి, కొవ్వూరు వెళ్ళాలి" అన్నాను.

అది అబద్ధం. ఆయన నాకు మేనమామ కాదు, ఏ రకం చుట్టమూ కాదు. నేను జైల్లో ఉండగా నాకు పని నేర్పిన మాస్టారు. ఈ ఐస్ ఫ్యాక్టరీలో నన్ను చేర్పించడానికి వచ్చినప్పుడు ఆయనే "మా మేనల్లుడండి, పనిమంతుడు" అని ఓనరు గారికి చెప్పారు. ఆ ఒక్క ముక్క మీద ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నాను. కాబట్టి ఆయన పోయినా నేను మేనల్లుడిగానే ఉండాలి. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామంటే పేరు రాయడానికి లేదు. ఆయన పేరు రాస్తే నేనెవరో ఇక్కడివాళ్ళకు తెలిసిపోతుంది. గొప్పవాళ్ళు పోతే ఫోటో వేసి, బిరుదులు రాసి అచ్చు వేస్తారు. మా మాస్టారికి దక్కింది ఇంతే. చదివేవాళ్ళు మన్నించాలి.

నేను చేసింది చెప్పకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు. చేలో నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి మా బాబాయి కొడుకుని పారతో కొట్టాను. వాడు చచ్చిపోయాడు. ఆ పొద్దున్నే ఇద్దరం ఒకే చెంబులో మజ్జిగ తాగినవాళ్ళం. కోపంలో చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గు. యావజ్జీవం పడింది, పద్నాలుగేళ్ళు లోపల ఉన్నాను. ఏ జైలో చెప్పక్కర్లేదు. గోదావరికి ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ జైలంటే ఏదో తెలుసు.

ఆ పద్నాలుగేళ్ళలో ఆఖరి ఏడాదిన్నర గురించే ఇక్కడ చెప్పాలి. భీమవరం వైపు రొయ్యల్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి, డబ్బాల్లో పెట్టి బయటి దేశాలకు పంపే కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. విడుదల దగ్గరపడినవాళ్ళకు లోపలే పని నేర్పి, బయటికి రాగానే ఉద్యోగం ఇస్తామన్నారు. కోల్డ్ రూం పనికి మనుషులు దొరకరు. మైనస్ పద్దెనిమిదిలో డబ్బాలు సర్దడానికి ఎవరొస్తారు? వచ్చినా నాలుగు రోజులు చేసి మానేస్తారు. మాకైతే మానేసి పోయే చోటు ఉండదు కదా అని వాళ్ళ ఆలోచన. అది నాకు తర్వాత బోధపడింది. అప్పుడు మాత్రం పెళ్ళి సందడిలా జరిగింది. ఫ్లెక్సీ కట్టారు, దండలు వేసుకున్నారు, ఉపన్యాసాలిచ్చారు. మా మొహాలు కనపడకూడదని వెనక నుంచి ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో ఆరు వీపులు పడ్డాయి. ఎడమ నుంచి రెండోది నాది.

సభ అయిపోయి అందరూ వెళ్ళాక ఒకాయన మిగిలారు. పొట్టి మనిషి. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, గోళ్ళ సందుల్లో ఎన్నేళ్ళదో నూనె నలుపు. ఐటీఐలో ఫ్రిజ్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైతే కంపెనీవాళ్ళు మా కోసం పెట్టుకున్నారు. ఒక్కొక్కరి పేరూ అడిగి, ప్రతి పేరుకీ 'గారు' తగిలించి కాగితం మీద రాసుకున్నారు. నా దగ్గరికి వచ్చి "ఇదివరకు మోటారు పని ఏవన్నా చేశారా అండి?" అన్నారు. చేలో నీళ్ళ ఇంజను వేసేవాణ్ణి అన్నాను. "ఆయ్, ఇంకేం మరి. ఆపరేటర్ గారూ, ఇలా రండి" అన్నారు. వెనకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. నాకు ఊహ తెలిశాక నన్ను గారు అన్న మనిషి ఆయనొక్కరే. ఆ రోజు నుంచి పోయేదాకా నేను ఆయనకి ఆపరేటర్ గారినే.

ఆయనకో అలవాటుండేది. ఏ పైపు దగ్గరికి వెళ్ళినా ముందు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూసేవారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. "గేజి తప్పు చూపించొచ్చండి, చెయ్యి చూపించదు" అనేవారు. టీ గ్లాసు దగ్గరా అంతే, అన్నం కంచం దగ్గరా అంతే. ముందు చెయ్యి ఆనించాకే ముట్టుకునేవారు.

మా ఆరుగురిలో అందరికంటే వయసు మళ్ళినవాణ్ణి పెద్దాయన అని పిలిచేవాళ్ళం. నాకంటే ఎక్కువ ఏళ్ళు లోపల గడిపాడు. మాటకారి. మొదటి పాఠంలో మాస్టారు "చలి అనేదొకటి ఎక్కడా లేదండి. మనం చలిని తయారుచెయ్యం. లోపలున్న వేడిని బయటికి లాగి పారేస్తాం, అంతే" అన్నారు. పెద్దాయన వెంటనే "అయితే మమ్మల్ని కూడా అలాగే చేశారండి" అన్నాడు. మేమందరం గొల్లుమన్నాం. మాస్టారు నవ్వలేదు. కాగితాలు సర్దుకుంటూ చాలాసేపు తలెత్తలేదు.

కంపెనీవాళ్ళు పాత కోల్డ్ రూం ఒకటి తెచ్చి జైలు షెడ్డులో నిలబెట్టారు. మందపాటి తలుపు, బయట హ్యాండిలు, లోపల గుప్పెడంత ఎర్ర బుడిపె. పొరపాటున తలుపు పడిపోతే లోపలున్నవాడు ఆ బుడిపెని అరచేత్తో గట్టిగా నెట్టాలి. తలుపు తెరుచుకుంటుంది. అంతకంటే సులువైన పని లేదు. కానీ మాస్టారి దగ్గర ఆఖరి పరీక్ష అదే. ఒక్కొక్కణ్ణీ లోపలికి పంపి తలుపు వేసేవారు. ఎవరూ పిలవరు, ఎవరూ తియ్యరు. వాడంతట వాడే బయటికి రావాలి.

మీకు నవ్వులాటగా ఉండొచ్చు. నేను లోపలికి వెళ్ళాను, తలుపు పడింది. బుడిపె ఎదురుగా కనపడుతూనే ఉంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అన్నేళ్ళలో నేను ఒక్క తలుపు తీసింది లేదు. తలుపు దాకా వచ్చి ఆగడం, ఎవరో వచ్చి తియ్యడం, అప్పుడు కదలడం. ఒంటికి అదే పట్టేసింది. ఎంతసేపు అలా ఉన్నానో నాకే తెలియదు. చివరికి నెట్టుకుని బయటికి వస్తే మాస్టారు వాచీ చూసుకుంటున్నారు. "ఎవరి కోసం చూస్తున్నారండీ ఆపరేటర్ గారూ?" అన్నారు. "మళ్ళీ వెళ్ళండి" అన్నారు. ఆ ఒక్క రోజు నన్ను పదకొండుసార్లు లోపలికి పంపారు. పదకొండోసారి తలుపు పడుతుండగానే నా చెయ్యి బుడిపె మీదుంది.

పెద్దాయన వంతు వచ్చేసరికి గదిలోకి తొంగి చూసి వెనక్కి జరిగాడు. "నావల్ల కాదు మాస్టారూ. బయటికెళ్ళేముందు మళ్ళీ నన్ను లోపలెయ్యకండి" అన్నాడు. అరవై దాటిన మనిషి, రెండు చేతులూ జోడించాడు. "రేపు చూద్దాం లెండి" అన్నారు మాస్టారు. మర్నాడూ అదే వరస. మూడో రోజు నేను కలగజేసుకున్నాను. "వదిలెయ్యండి మాస్టారూ. ఇన్నేళ్ళు పడున్న మనిషిని మళ్ళీ పెట్టెలో పెట్టి మూస్తారా? బుడిపె నెట్టడం ఎవరికి రాదండి? నేను పక్కనే ఉంటాను కదా, చూసుకుంటాను" అన్నాను. మాస్టారు నా మొహం కాసేపు, ఆయన మొహం కాసేపు చూశారు. రిజిస్టరు తెరిచి పెద్దాయన పేరుకెదురుగా 'పూర్తయింది' అని రాశారు. పెన్ను మూత పెట్టడం మర్చిపోయి అలాగే జేబులో పెట్టుకున్నారు, చొక్కాకి సిరా అంటింది. ఆ సాయంత్రం పెద్దాయన తన వంతు బెల్లం ముక్క నాకిచ్చాడు. తిన్నాను.

బయటికి వచ్చాక ఆరుగురం ఆ కంపెనీలో చేరాం. ప్లాంటు వెనక రెండు గదులిచ్చారు. నన్ను కంప్రెసర్ దగ్గర పెట్టారు, పెద్దాయనకి కోల్డ్ రూంలో డబ్బాలు సర్దే పని. నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఆదివారాలు భీమవరం వెళ్ళి, బజారంతా తిరిగి, ఏమీ కొనకుండా వచ్చేవాళ్ళం. ఎటు కావాలంటే అటు తిరగడమే మాకు సరదా. పెద్దాయన మాత్రం క్యాంటీన్ తలుపు ముందు ఆగిపోయేవాడు. బాత్రూంకి వెళ్ళాలన్నా పక్కవాణ్ణి అడిగి వెళ్ళేవాడు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు "ఏంటి తాతా, తలుపు తియ్యడానిక్కూడా మనిషిని పెట్టాలా?" అని ఆటపట్టించేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. అందరూ బయటికి వచ్చారు. వెనక వరసలో డబ్బాలు సర్దుతున్న పెద్దాయన మిగిలిపోయాడు, తలుపు పడింది. భోజనాలయ్యాక రావాల్సిన లారీ రాలేదు, ఆ గదితో ఎవరికీ పనిపడలేదు. ఒంట్లో బాలేక గదికి వెళ్ళి పడుకున్నాడని ఒకరనుకున్నారు, ఊళ్ళోకి వెళ్ళాడని ఒకరనుకున్నారు. పక్కనే ఉంటానన్న నేను కంప్రెసర్ దగ్గర కూర్చుని, టెంపరేచరు చక్కగా ఉందని గంటకోసారి రాసుకుంటున్నాను. ఆ గదిలో ఉన్న వేడి అంతా లాగి పారేసింది నేనే.

సాయంత్రం షిఫ్టువాళ్ళు వచ్చి తలుపు తీశారు. పెద్దాయన తలుపుకి జానెడు దూరంలో ఉన్నాడు. జైల్లో లెక్క పెట్టేటప్పుడు ఎలా కూర్చోవాలో అలా, గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తలుపు వైపు తిరిగి ఉన్నాడు. ఎర్ర బుడిపె సరిగ్గా ఆయన తలకి పైన ఉంది. తర్వాత నేను నెట్టి చూశాను, బాగానే పనిచేస్తోంది. ఆసుపత్రికి తీసుకెళితే అప్పటికే అయిపోయిందన్నారు. అంతసేపు లోపలుండి ఒక్కసారి నెట్టకపోవడం ఏంటని అందరూ ఆశ్చర్యపోయారు. మా ఐదుగురికి మాత్రం ఆశ్చర్యం లేదు. ఎవరో వచ్చి తీస్తారని కూర్చున్నాడు. అన్నేళ్ళూ ఎవరో ఒకరు వచ్చి తీశారు కదా.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ పెట్టారు. టేబులు మీద మాస్టారి రిజిస్టరు. మేనేజరు చెడ్డవాడేం కాదు. అతనికీ పైనుంచి ఫోన్లు వస్తున్నాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన చేత ఈ తలుపు పరీక్ష చేయించారా లేదా అండి? సూటిగా చెప్పండి" అన్నాడు.

"చేయించలేదండి" అన్నారు మాస్టారు.

"మరి పూర్తయిందని రాశారేంటి?"

"రాశానండి. తప్పే."

"ఎవరన్నా రాయమన్నారా?"

మాస్టారికి రెండడుగుల దూరంలో, గోడ దగ్గర నిలబడి ఉన్నాను నేను. ఆయన నావైపు తిరగను కూడా లేదు. "ఎవరూ అనలేదండి. నాకే జాలేసింది" అన్నారు.

అప్పుడు నోరు విప్పాల్సింది నేను. నేనే అడిగానండి అంటే సరిపోయేది. మాట పెగల్లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. గొంతు బాగానే ఉంది. భయం వేసింది. ఈ పని పోతే ఎక్కడికి పోవాలి, ఊళ్ళో బాబాయి వాళ్ళ గుమ్మం ముందు నుంచి ఎలా నడవాలి, ఇదే నాకు కళ్ళ ముందు ఆడింది. ఒకణ్ణి చంపి జైలుకెళ్ళినవాణ్ణి, ఇంకొకణ్ణి నా నోటి మాటతో చంపి, పని కోసం కిక్కురుమనకుండా నిలబడ్డాను.

సాయంత్రం ఆయనతో బస్టాండు దాకా నడిచాను. "మాస్టారూ, రేపెళ్ళి చెప్పేస్తానండి" అన్నాను. "ఏం చెప్తారు? మీరు అడిగారు, నేను ఒప్పుకున్నాను. రాసిన చెయ్యి నాదండి" అన్నారు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక మళ్ళీ పిలిచారు. "ఆపరేటర్ గారూ, ఈ సంగతి ఎవరితోనూ అనకండి. మీ ఐదుగురి పనీ నిలబడాలి." బుర్ర ఊపాను. నిజం చెప్పేస్తున్నాను, ఆయన ఆ మాట అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

పని నిలబడలేదు. నెల తిరక్కుండా ఆ పథకాన్ని ఎత్తేశారు. మాస్టారిని తీసేశారు, మమ్మల్ని ఐదుగురినీ ఒకే రోజు పిలిచి పంపేశారు. జైలు షెడ్డులోని కోల్డ్ రూంని లారీ మీద పట్టుకుపోయారు. ఫోటోలు తీసినవాళ్ళెవరూ రాలేదు. మాలో ఒకడు తిరిగి లోపలికే వెళ్ళాడు. బయట ఎక్కడికెళ్ళినా ఇదివరకు ఏం చేసేవాడివని అడుగుతున్నారు, లోపలైతే ఆ ప్రశ్న ఉండదు అన్నాడట. నేను నోరు మూసుకున్నందువల్ల ఎవరికైనా గింజంత మేలు జరిగిందా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్నాను. నాకు కనపడలేదు.

లోపల తర్వాతి బ్యాచ్‌కి పేర్లిచ్చినవాళ్ళు పది మంది ఉన్నారు. ఆ పది పేర్లూ, ప్రతిదానికీ గారు తగిలించి, మాస్టారి చొక్కా జేబులో ఉండేవి. వాళ్ళకి ఎక్కడైనా పని ఇప్పించాలని ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఒక చెక్క మీద ఎర్ర బుడిపె ఒకటి బిగించి, దాన్ని గుడ్డ సంచిలో వేసుకుని, వారానికోసారి కొవ్వూరులో బస్సెక్కి ఐస్ ఫ్యాక్టరీలూ చేపల కంపెనీలూ తిరిగేవారు. నేను ఒకసారి తోడెళ్ళాను. వాళ్ళు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. ఆయన ఆ చెక్క బల్ల మీద పెట్టి, మొదటి మాటే "నేను నేర్పిన ఒకాయన కోల్డ్ రూంలో చనిపోయారండి, నా పొరపాటు వల్ల. అందుకని ఇప్పుడు ఇలా నేర్పుదామని" అన్నారు. అవతలి మనిషి కళ్ళు అప్పుడే గోడ గడియారం మీదికి పోయాయి.

బయటికి వచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. "అలా చెప్తే ఎవరిస్తారండీ ఉద్యోగాలు? ముందు పని కానిచ్చి తర్వాత చెప్పొచ్చు కదా" అన్నాను.

"తర్వాత చెప్దాం, తర్వాత నేర్పుదాం అనే కదండీ ఒక మనిషిని పోగొట్టాను" అన్నారు. కాస్త దూరం నడిచాక, "వాళ్ళు కాదన్లేదండి. మళ్ళీ రమ్మన్నారు" అన్నారు.

ఎక్కడికెళ్ళినా మళ్ళీ రమ్మన్నారనే చెప్పేవారు. ఆ మనిషే నన్ను ఇక్కడ చేర్పించడానికి వచ్చినప్పుడు రెప్ప వెయ్యకుండా మేనల్లుడని చెప్పారు. నా కోసం రెండుసార్లు అబద్ధమాడారు, తన కోసం ఒక్కసారీ ఆడలేకపోయారు. నేను చూస్తుండగా చెప్పులు అరిగాయి, చూపు మందగించింది, సంచి భుజం మార్చుకోవడం ఎక్కువైంది. ఆ పది మందిలో ఒక్కరికీ పని దొరకలేదు.

కొవ్వూరు ఇంట్లో ఆయన చేసిన పని ఇంకొకటుంది. పెద్దాయన పోయిన వారానికే స్క్రూడ్రైవరు తీసుకుని ఇంట్లో ప్రతి తలుపుకీ లోపలి గడియ ఊడదీసేశారు. పడగ్గది, బాత్రూం, ఆఖరికి వీధి తలుపు కూడా. ఊడదీసినవన్నీ పాత బిస్కెట్ డబ్బాలో వేసి అటక మీద పెట్టారు. అమ్మగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "స్నానానికెళ్తే లోపల మనిషినున్నానని పాటలు పాడుతూ కూర్చోవాలి బాబూ నేను" అని నాతోనే అన్నారు. పడుకునేముందు వీధి తలుపుకి స్టూలు అడ్డం పెట్టుకునేవారు. ఒక్కోసారి నా ఎదురుగానే ఆయన్ని కడిగేసేవారు. "నేర్పడం చేతకానప్పుడు నేర్పకూడదు. మీ జాలి ఒక ప్రాణం తీసింది. ఇప్పుడు ఇంట్లో తలుపులు పీకితే తిరిగొస్తుందా?" అనేవారు. మాస్టారు టీ గ్లాసుకి చెయ్యి వెనక్కి తిప్పి ఆనించుకుని ఊరుకునేవారు. నేనూ ఊరుకునేవాణ్ణి. ఆవిడ పెట్టిన జంతికలు తింటూ ఊరుకునేవాణ్ణి.

ఆయన పోయిన రోజు బస్సులో కూర్చుని, మిగిలిన ముగ్గురికీ ఫోన్లు చేశాను. ఒకడి నంబరు పనిచెయ్యడం లేదు. ఒకడు విని పెట్టేశాడు. మూడోవాడు "ఏం చెప్పి రమ్మంటావురా? జైల్లో పాఠం చెప్పినాయన పోయాడండి, సెలవివ్వండి అని అడగనా?" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. నాకైతే మాస్టారు ముందే ఒక చుట్టరికం కట్టి పెట్టారు, వాడికి అదీ లేదు.

మాస్టారికి పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. గోదావరి ఒడ్డున పదిహేను మంది ఉన్నాం, వీధివాళ్ళతో కలిపి. పక్కింటాయన నన్ను "మీరేవవుతారండీ ఆయనకి?" అని అడిగాడు. "మేనల్లుణ్ణండి" అన్నాను. మాస్టారికి తమ్ముడే తప్ప అక్కచెల్లెళ్ళు లేరని ఆయనకి తెలిసే ఉంటుంది. నది వైపు తిరిగాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. చుట్టాలు వెళ్ళిపోయారు. అమ్మగారు మాస్టారి చొక్కా జేబులోంచి తీసిన కాగితం నా చేతిలో పెట్టి "ఏవో పేర్లు, నీకు తెలుస్తాయేమో చూసుకో" అన్నారు. పది పేర్లు. మడతల దగ్గర చిరిగి, వెనక అంటించి ఉంది. తర్వాత అటక మీద నుంచి బిస్కెట్ డబ్బా తీయించి, "ఈ గడియలు బిగించి పెట్టు బాబూ. ఇంక ఒక్కదాన్నే ఉండాలి కదా, భయమేస్తోంది" అన్నారు.

స్క్రూడ్రైవరు ఆయనదే. పాత కంతలు అలాగే ఉన్నాయి, స్క్రూలు వాటిలో తేలిగ్గా కూర్చున్నాయి. బాత్రూం అయింది, పడగ్గది అయింది. వీధి తలుపు దగ్గర ఆఖరి స్క్రూ తిప్పుతూ చెప్పేశాను. వెనక కుర్చీలో కూర్చున్న ఆవిడ వైపు తిరగకుండా, తలుపుకే చెప్పినట్టు చెప్పాను. "అమ్మగారూ, ఆ పెద్దాయన్ని పరీక్ష లేకుండా వదిలెయ్యమని బతిమాలింది నేనేనండి. మాస్టారికి ఇష్టం లేదు. విచారణలో నా పేరు చెప్పలేదు."

ఆవిడ మెల్లగా అన్నారు. "ఇన్నేళ్ళూ ఆయన్నే తిట్టాను బాబూ. పోయే ముందురోజు కూడా తిట్టాను."

క్షమించమని అడగడానికి కూడా అర్హత ఉండాలి.

"గడియ గట్టిగా ఉందా?" అన్నారు.

"ఉందండి."

"అయితే వెళ్ళు."

చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి నేను చెప్పలేదు. ఆవిడ మళ్ళీ రమ్మనలేదు. అది ఆనవాయితీ కోసమో, నా మొహం చూడలేకో నాకు తెలియదు. గుమ్మం దిగి చెప్పులేసుకున్నాను. ఆ కాగితం జేబులో ఉంది. దాన్ని పట్టుకుని నేను ఏ కంపెనీ గుమ్మం ఎక్కగలను? నేనెవరినని చెప్పను? మాస్టారైతే మొదటి మాటే చెప్పేవారు. నేను చెప్పలేను. ఆ పది మందికీ ఇంక ఎవరూ లేరు.

నా వెనక తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినపడింది. పద్నాలుగేళ్ళు రోజూ విన్న చప్పుడే. చప్పుడు వినగానే ఒళ్ళు దానంతటదే ఆగింది, తిరిగింది. వీధి గేటు తీసే ఉంది, నాలుగడుగులు వేస్తే రోడ్డు. నేను మాత్రం ఆ మూసిన తలుపు వైపు తిరిగి, చేతులు కట్టుకుని, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు నిలబడి ఉన్నాను.